మూడు రోజుల లెన్సు

హిందూపురంలో పొద్దున ఆరుంబావుకు బయలుదేరే పల్లెవెలుగు బస్సు సోమందేపల్లి, పెనుకొండ, చెన్నేకొత్తపల్లి దాటుకుని ధర్మవరం చేరేసరికి తొమ్మిదవుతుంది. తిరుగు ప్రయాణం తొమ్మిదీ నలభైకి. ఆ నలభై నిమిషాలూ డ్రైవరు రామాంజనేయులు ఇడ్లీ తిని, సీట్లో వెనక్కి వాలి, ముఖం మీద తువ్వాలు కప్పుకుంటాడు. కండక్టరు నీలావతి మాత్రం టికెట్ల మిషను భుజానికి తగిలించుకుని స్టాండు వెనక సందులోకి నడుస్తుంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక స్టాండులో ఆడవాళ్ల మరుగుదొడ్డి ముందు ఎప్పుడూ వరసే. అందులో నిలబడితే బస్సు వేళ దాటిపోతుంది. అందుకని ఒకరోజు మొహమాటపడుతూనే ఆ సందులో మూడో ఇంటి తలుపు తట్టింది. అది అంజనమ్మ ఇల్లు. ఎందుకొచ్చిందో అడగకుండానే ఆమె పెరటి దారి చూపించి, తిరిగొచ్చేసరికి మంచినీళ్లు తెచ్చిపెట్టింది. అప్పటినుంచి అది నీలావతికి రోజూ పోయే ఇల్లయిపోయింది.

ఆ సోమవారం నీలావతి వెళ్లేసరికి ఇంటి ముందు కొత్త చెప్పులు చాలా ఉన్నాయి. కిటికీ దగ్గర తెల్ల గొడుగు తగిలించిన లైటు ఒకటి వెలుగుతోంది. అంజనమ్మ వీధిలో, ఎదురింటి గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. యాభై ఆరేళ్ల మనిషి. వెంట్రుకలు బిగించి ముడి వేసుకుని, ఎప్పుడూ కట్టుకునే నూలు చీరలోనే ఉంది. చేతిలో పట్టు దారం చుట్టిన కండె ఒకటి అలాగే ఉండిపోయింది.

చీరలు తీసుకునే షాపువాళ్లు వచ్చారనీ, ప్రకటన కోసం ఫోటోలు తీసుకుంటామని గంటసేపు మగ్గం అడిగారనీ చెప్పింది. నీలావతి తలుపు పక్కనుంచి లోపలికి చూసింది. మగ్గం గుంతలో, అంజనమ్మ కూర్చునే పలక మీద, ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. చెవులకు బరువైన కమ్మలు, పెదాలకు రంగు. పోగును అటూ ఇటూ దాటించే నాడెను పెన్ను పట్టుకున్నట్టు మూడు వేళ్లతో పట్టుకుని నవ్వుతోంది. ఆమె ముందు పరుచుకున్న మామిడి చిగురు రంగు చీర పది రోజులుగా అంజనమ్మ నేస్తున్నది. ఫోటోగ్రాఫరు కెమెరాకు మోచెయ్యంత లెన్సు ఉంది.

నీలావతికి నీళ్లు తెద్దామని అంజనమ్మ గడప లోపల ఒక కాలు పెట్టింది. ఫోటోగ్రాఫరు తల తిప్పకుండానే ఎడం చెయ్యి ఊపుతూ, "అమ్మా, మీరు ఫోటోలో పడుతున్నారు. కొంచెం బయటే ఉండండి," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అంజనమ్మ కూడా ఏమీ అనుకోనట్టే ఆ కాలు వెనక్కి తీసుకుంది. కానీ తీసుకున్న కాలును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక్క క్షణం గాలిలోనే ఉంచింది. అది చూశాక నీలావతికి దాహం పోయింది.

"అక్కా, నీ ఫోటో నేను తీస్తా," అంది.

అంజనమ్మ నవ్వింది. బస్సు వేళవుతోందని నీలావతి నాలుగడుగులు వేశాక వెనకనుంచి పిలిచింది. "గురువారం మగ్గం మీంచి చీర కోస్తాము. ఆ పొద్దు రా పాపా. సగం చీర ముందర కూసోని ఫోటో ఎందుకు?"

*

నీలావతి దగ్గర కెమెరా ఉందని ఆ డిపోలో అందరికీ తెలుసు. నేర్చుకునేవాళ్ల కోసం చేసిన చిన్న కెమెరా. టిఫిన్ డబ్బా పెట్టుకునే గుడ్డ సంచిలోనే, మెత్తటి తువ్వాలులో చుట్టి పెట్టుకునేది. ఫోన్లో వీడియోలు చూసి తీయడం నేర్చుకుంది. కెమెరాతో పాటు వచ్చిన లెన్సు ఒక్కటే ఆమెకున్నది. ఎండలో బాగానే పనిచేసేది. నీడలోకి పోతే తడబడేది. అంజనమ్మ ఇంట్లో ఒకసారి ఆమె భర్త ఆదినారాయణ కండెలు చుట్టుకుంటుంటే తీసింది. రాట్నం, మనిషి కలిసిపోయి పొగలా వచ్చింది.

ఈసారి అట్లా రాకూడదు. తిరుగు ప్రయాణంలో టికెట్లు కొడుతూ కూడా ఆ చీకటి గది గురించే ఆలోచించింది. చెన్నేకొత్తపల్లిలో దిగాల్సిన ముసలాయనకు పెనుకొండ టికెట్టు కొట్టి, మళ్లీ మార్చి కొట్టింది.

మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగి, హిందూపురం స్టేషను రోడ్డులో బాలాజి స్టూడియోకు పోయింది. బాలాజి పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మనిషి. ముప్పై ఏళ్లుంటాయేమో, మాట్లాడుతున్నంతసేపూ చేతిలో ఏదో ఒక లెన్సు తుడుస్తూనే ఉంటాడు. ఆమె కెమెరా తీసుకుని, లెన్సును అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టాడు.

"ఇది కెమెరా కొన్నోళ్లకు ఊరికే అంటగట్టేదక్కా. దుమ్ము పడకుండా మూత మాదిరి పెట్టుకోవాల, అంతే."

తర్వాత అద్దాల బీరువాలోంచి అరచేతిలో పట్టే పొట్టి లెన్సు ఒకటి తీసి ఆమె కెమెరాకు బిగించాడు. దాన్ని ఫిఫ్టీ అంటారు. దగ్గరకు లాగడం, దూరం జరపడం దానికి రాదు. ఎంత కావాలంటే అంత మనమే నడవాలి. కానీ వెలుతురు బాగా లోపలికి తీసుకుంటుందనీ, మసక గదిలో కూడా మనిషి కళ్లు మెరిసేట్టు పడతాయనీ, వెనకున్నదంతా వెన్నలా కరిగిపోతుందనీ బాలాజి చెప్పాడు. కౌంటరు మీది అగరువత్తుల గుత్తిని చూపించి తియ్యమన్నాడు. తీసింది. అగరువత్తి కొసన నిప్పు, దాని వెనక బజారు దీపాలన్నీ గుండ్రటి రంగు చుక్కలు. నీలావతి ఆ తెరను చాలాసేపు చూసింది.

పాతది ఇచ్చేసి ఇది తీసుకుంటే ధరలో తగ్గిస్తానన్నాడు బాలాజి. లెన్సు మార్చుకోవడం అవసరమా, ఆశా అన్నది ఆమెకే తేలలేదు. ఆ సంగతి ఆమె ముఖంలో చూసి, అతను ఫిఫ్టీని చిన్న సంచిలో పెట్టి ఇచ్చాడు.

"శుక్రవారం దాకా పెట్టుకో. చీకట్లో తీసి చూడు. నీకే తెలుస్తాది."

*

బుధవారం పెనుకొండ స్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. కొండ మీదినుంచి ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. రామాంజనేయులు టీ గ్లాసు పట్టుకుని, బస్సు ముందు చక్రం పక్కన నిలబడి ఊదుకుంటున్నాడు. నీలావతి నాలుగడుగులు వెనక్కి నడిచి, కెమెరా ఎత్తింది. అతను చూసి మీసం సరిచేసుకునేలోపే నొక్కేసింది.

తెరలో చూసి తనే నమ్మలేకపోయింది. టీ మీది ఆవిరి, గ్లాసును పట్టుకున్న వేళ్ల మీది గీతలు, ఇరవై రెండేళ్ల స్టీరింగు వల్ల అరచేతిలో కట్టిన కాయ, అన్నీ ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. వెనకున్న బస్సులూ మనుషులూ ఎరుపు, పసుపు మరకలుగా మారిపోయారు. రామాంజనేయులు గ్లాసు కింద పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు.

"ఇది నేనేనా?" అన్నాడు. ఫోన్లోకి పంపమన్నాడు. బస్సు చెన్నేకొత్తపల్లి చేరేలోపు వాళ్లింట్లో అందరికీ వెళ్లిపోయింది. హిందూపురంలో దిగాక, డ్యూటీ కాగితాలు ఇస్తూ, తన కూతురు ఏం జవాబు పెట్టిందో నీలావతికి చదివి వినిపించాడు. నాయన ఇంత అందంగా ఉంటాడని తనకెవరూ చెప్పలేదని రాసిందట.

ఆ రాత్రి నీలావతి మనసులో లెన్సు కొనేసింది. పాతదాన్ని తుడిచి, మూత పెట్టి, బాలాజికి ఇవ్వడానికి విడిగా ఉంచింది. మర్నాడు బయలుదేరేటప్పుడు ఎందుకో దాన్ని కూడా సంచిలో వేసుకుంది.

*

గురువారం ఆమెకు సెలవు. రోజూ తను టికెట్లు కొట్టే బస్సులోనే, రోజూ తను నిలబడే చోటుకు పక్కన కూర్చుని ధర్మవరం పోయింది. అంజనమ్మ అప్పటికే మగ్గంలో ఉంది. తలంటు పోసుకుని, పచ్చ అంచున్న చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. చీరలో నేయాల్సింది ఇంకా జానెడే మిగిలి ఉంది.

ఆ గదంతా మగ్గమే. ఈ గోడ నుంచి ఆ గోడకు నిలువు పోగుల పడుగు. పైన కప్పు నుంచి డిజైను అట్టలు వరసగా వేలాడుతున్నాయి. ఒక పక్క బియ్యం డ్రమ్ము, ఇంకో పక్క ఆదినారాయణ రాట్నం. ఆయనకు మోకాళ్లు అరిగి గుంతలో కూర్చోలేక, మూడేళ్లుగా కండెలు చుట్టే పని తను తీసుకుని మగ్గం భార్యకు వదిలాడు. మిగిలిన చోటులో మనిషి అడ్డంగా తిరిగితేనే నడవగలడు.

నీలావతి ఫిఫ్టీ పెట్టి చూసింది. అంజనమ్మ చెవి, ముడి, భుజం కనిపించాయి. ఒక అడుగు వెనక్కి వేసింది. ముఖం కనిపించింది, చేతులు లేవు. ఇంకో అడుగు వేస్తే వీపుకు డ్రమ్ము తగిలింది. డ్రమ్మును జరిపారు. చేతులు వచ్చాయి, మగ్గం లేదు. ఆదినారాయణ తన రాట్నం ఎత్తుకుని పెరట్లోకి పోయి చోటిచ్చాడు. అయినా చాలలేదు. కంటి దగ్గర కెమెరా తీయకుండానే ఆమె గడప దాటింది. మెట్టు దిగింది. ఇప్పుడు తలుపు చట్రంలో అంజనమ్మ కనిపిస్తోంది గానీ మగ్గం సగమే కనిపిస్తోంది. ఇంకొక్క అడుగు, అనుకుంది. ఆ అడుగు మురుగు కాలువలో పడింది.

చీలమండ దాకా దిగబడి, వెనక్కి ఒరిగి, ఎదురింటావిడ అప్పుడే అలికిన వాకిట్లో చతికిలబడింది. ముగ్గు ఆరలేదు. పడుతూ కూడా కెమెరాను రెండు చేతులా తలకు పైన ఎత్తి పట్టుకుంది. అలాగే కూర్చుండిపోయింది.

మగ్గం చప్పుడు ఆగింది. అంజనమ్మ గుంతలోంచి లేచి, పరుగెత్తుకొచ్చి, గడప మీద నిలబడింది. దెబ్బ తగిలిందా అని అడగబోయి, తడి ముగ్గు మధ్యలో చేతులెత్తి కూర్చున్న కండక్టరమ్మను చూసి, నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోవాలని తలుపు రెక్క పట్టుకుంది. నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నీలావతికీ నవ్వొచ్చింది. ఎత్తిన చేతులు దించుతూ, చూసుకోకుండానే, ఒకసారి నొక్కింది.

కాలు కడుక్కున్నాక సంచిలోంచి పాత లెన్సు తీసింది. దాన్ని మొత్తం వెడల్పుకు తిప్పి, గది మూలలో గోడకు ఆనుకుని చూస్తే మగ్గం ఈ చివరినుంచి ఆ చివరిదాకా వచ్చేసింది. ఇక మిగిలింది వెలుతురు. ఆదినారాయణ కర్రకు తడిగుడ్డ కట్టి, కప్పులోని అద్దం పెంకును పొగ పోయేదాకా తుడిచాడు. పెరటి తలుపు తెరిచారు. ఆయన ఉతికిన తెల్ల పంచెను రెండు చేతులా పరిచి పట్టుకుంటే, దాని మీద పడ్డ ఎండ మెత్తగా అంజనమ్మ ముఖం మీదికి తిరిగింది. కెమెరాను బోర్లించిన డబ్బా మీద కదలకుండా పెట్టింది నీలావతి. నాడె ఈ చేతినుంచి ఆ చేతికి వచ్చి ఆగినప్పుడు ఊపిరి బిగబట్టమంది. గడ్డం కొంచెం ఎత్తమంది. ఎడం చెయ్యి చీర మీద పెట్టమంది. అంజనమ్మ చెప్పినట్టల్లా చేసింది.

ఎనిమిది తీస్తే ఆరోది కుదిరింది. పడుగు పోగులు ఒక్కొక్కటీ వేరుగా మెరుస్తున్నాయి. వేలాడే అట్టలు, పంచె పట్టుకున్న ఆదినారాయణ మోచేయి, మామిడి చిగురు చీర, వీటన్నిటి మధ్య గుంతలో అంజనమ్మ.

తర్వాత చీర కోశారు. మిగిలిన జానెడూ నేసి, కుంకుమ పెట్టి, ఆదినారాయణ కత్తెర తీసుకుని పడుగును తెంచాడు. బిగువు పోయిన పోగులు ఒక్కసారిగా జారి వాలిపోయాయి. చీరను ఇద్దరూ మడత పెట్టారు. చెరో కొసా పట్టుకుని దగ్గరకు నడిచారు, దూరం జరిగారు, మళ్లీ దగ్గరకు నడిచారు.

*

టీ తాగుతూ నీలావతి కెమెరా తెర చూపించింది. ఆదినారాయణ మగ్గం ఫోటో మీదికి వంగి చూశాడు. పెళ్లయిన ఏడు తన తండ్రి పెట్టిన మగ్గమనీ, దానికి ఇన్నేళ్లలో ఒక్క పటమూ లేదనీ అన్నాడు. ఇది పెద్దదిగా కట్టించి గోడకు పెడదామన్నాడు. నీలావతికి కడుపు నిండింది. సోమవారం వచ్చిన ఆ మోచెయ్యంత లెన్సు గుర్తొచ్చింది. దీన్ని ఎవరికైనా చూపించొచ్చు, నేసిన మనిషి ఈమె అని చెప్పొచ్చు అనుకుంది.

అంజనమ్మ మాత్రం బాగుందంది. అంతే అంది. తర్వాత, ఇంకేముండాయో చూపించమంది.

నీలావతి ఒక్కొక్కటీ వెనక్కి జరిపింది. చెవి మాత్రమే వచ్చినది, చేతులు లేనిది, సగం మగ్గం. ఆ తర్వాత ఇంతవరకూ తనూ చూడనిది ఒకటి వచ్చింది. తలుపు రెక్క పట్టుకుని గడప మీద అంజనమ్మ. కొంచెం పక్కకు ఒరిగింది ఫోటో. ఒక కనకాంబరం జారి భుజం మీద పడి ఉంది. నోరంతా తెరిచి, కళ్లు సగం మూసుకుని, పై పలువరసలో లేని పన్ను కూడా కనిపించేట్టు నవ్వుతోంది. వెనక మగ్గం కరిగిపోయి పచ్చటి నీడలా ఉంది. నీలావతి నవ్వి, ఇది పొరపాటున పడిందంటూ ముందుకు జరపబోయింది. అంజనమ్మ ఆమె వేలు పట్టుకుని ఆపింది.

చాలాసేపు చూసింది. కెమెరాను దగ్గరకు తీసుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరకు తీసుకుంది.

"నాకు ఇది గావాల," అంది.

ఆదినారాయణ మగ్గం లేదు గదా దాంట్లో అన్నాడు. పన్ను కూడా కనిపిస్తాందన్నాడు.

"మగ్గం దినామూ చూస్తానే ఉండా," అంది అంజనమ్మ. "ఆ పటంలో మగ్గముండాది, చీరుండాది, నీ పంచె గూడా ఉండాది. నేను యాడుండానో వెదుక్కోవాల. నేను ఇట్ల నగుతానని నాకే తెలీదు గదప్పా. యాభై ఏండ్లాయె, ఒగరన్నా చెప్పలా."

ఆదినారాయణ ఆ ఫోటో వైపు మళ్లీ చూశాడు. ఖాళీ గ్లాసులు ఆయనే తీసుకుని లోపలికి పోయాడు.

నీలావతి టీ చల్లారిపోయింది. పొద్దుటినుంచీ గడ్డం ఎత్తు, చెయ్యి ఇక్కడ పెట్టు అని చెబుతూనే ఉన్నాను గానీ నీకెట్లాంటి ఫోటో కావాలక్కా అని ఒక్కసారన్నా అడగలేదే అని ఆమెకు తోచింది. ఇప్పుడైనా ఏ సైజు కావాలో అడిగింది. అంజనమ్మ రెండు చేతులూ గాలిలో పెట్టి, నిలువుటద్దమంత చూపించింది. తర్వాత తనే సిగ్గుపడి, పుస్తకమంత చాలంది.

*

శుక్రవారం బాలాజి రెండు ఫోటోలనూ కంప్యూటరులో పక్కపక్కన పెట్టి చూశాడు. గడప మీదిది చూసి, చెప్పలేదా అక్కా, ఇది ఫిఫ్టీ అని నవ్వాడు. మగ్గానిది చూసి, ఇది దేంతో తీసినావని అడిగాడు. మూతతో, అంది నీలావతి. బాలాజి కళ్లు దగ్గరగా పెట్టి పోగులన్నీ చూశాడు. తర్వాత తుడుస్తున్న లెన్సును పక్కన పెట్టాడు.

దాచుకున్న డబ్బంతా తెచ్చానని, ఫిఫ్టీ తీసుకుంటానని చెప్పింది నీలావతి. అయితే పాతది ఇచ్చేయమని అతను చెయ్యి చాపాడు. ఆమె సంచి మూసుకుంది.

"అదియ్యను బాలాజీ. తగ్గించకపోతే పోనీలే. అది ఇంట్లోకి, ఇది వాకిట్లోకి."

బాలాజి వాదించలేదు. రెండు ఫోటోలూ తనే దగ్గరుండి ప్రింటు వేయించి, ఒక కవరులో పెట్టి ఇచ్చాడు.

*

సోమవారం బస్సు ఆలస్యంగా నడిచింది. ధర్మవరం చేరేసరికి తొమ్మిదిన్నర. సందులోకి పోయే వ్యవధి లేదని నీలావతి ఫోను చేస్తే, అంజనమ్మే స్టాండుకు వచ్చింది. బస్సు అప్పటికే నిండుతోంది. ముందు మెట్టెక్కి, డ్రైవరు వెనక సీటు పక్కన నిలబడే, నీలావతి ఇచ్చిన కవరు విప్పింది. మగ్గం ఫోటోను చూసి జాగ్రత్తగా కవరులో పెట్టేసింది. రెండోదాన్ని రెండు చేతులా పట్టుకుంది.

పక్క సీటులో కూర్చున్న ఆమె తొంగి చూసి, ఈయమ్మ నువ్వేనా అని అడిగింది. అంజనమ్మ తలూపింది. ఆమె తీసుకుని పక్కామెకు చూపించింది. పక్కామె వెనక్కి తిరిగి ఇంకొకరికి ఇచ్చింది. ఫోటో సీటు దాటి సీటు వెనక్కి పోయింది. చూసిన ప్రతి ఒక్కరూ ముందు ఫోటోనూ, తర్వాత మెడ చాపి అంజనమ్మనూ చూశారు. చూసి నవ్వారు. సంతకు పోతున్న ఒక ముసలామె ఫోటోను ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, ఏం చూసి నగుతాండావు తల్లీ అని ఫోటోనే అడిగింది. అంజనమ్మ జవాబు చెప్పబోయి, కాలువ గుర్తొచ్చి, మళ్లీ నవ్వింది. అందరూ చూస్తున్నా కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఇంతమందిలో ఒక్కరూ ఏ లెన్సుతో తీశారని అడగలేదు. ఆ సంగతి నీలావతి గమనించింది. సంతోషించింది.

రామాంజనేయులు గడియారం చూసుకుని, హారను కొట్టి, బస్సు కదిలించాడు. స్టాండు మలుపు తిరిగాక గానీ అంజనమ్మ ఇంకా బస్సులోనే ఉందని నీలావతి చూడలేదు. ఫోటో వెనక సీటు నుంచి ఇంకా తిరిగి రాలేదు. దిగమని చెప్పడానికి బెల్లు తాడు మీద చెయ్యి వేసింది. అంజనమ్మ వైపు చూసింది. ఆమె కిటికీ పక్కన ఖాళీగా ఉన్న సీటులో కూర్చుని ఉంది. గాలికి ముడిలోంచి వెంట్రుకలు ఊడి ముఖం మీద పడుతున్నాయి. తీసుకోవడం లేదు. కొత్త పడుగు రావడానికి ఇంకా రెండు రోజులుంది. ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది.

నీలావతి తాడు వదిలేసి మిషను చేతిలోకి తీసుకుంది. ఉచిత టికెట్టుకు ఆధారు కార్డుందా అని అడిగింది. ఫోను కవరులో మడిచి పెట్టుకున్నది తీసి చూపించింది అంజనమ్మ.

"యాడికి కొట్టేదక్కా?"

"ఈ బస్సు యాడిదాకా పోతాది?"

"హిందూపురం."

అంజనమ్మ తన ఫోటో ఏ సీటు దాకా వచ్చిందో వెనక్కి తిరిగి చూసుకుంది.

"అంతవరకూ కొట్టు," అంది. "అన్నం ఆయప్పనే వండుకోమని ఫోన్ చేస్తాలే."